డిస్టెన్స్ డిగ్రీనా, ఆన్‌లైన్ డిగ్రీనా: ఫీజు కట్టేముందు చదువు నాణ్యత ఎలా చూసుకోవాలి?

డిస్టెన్స్‌లో చేరదామనుకునేవాళ్లు మొదట అడిగేది ఫీజెంత అని. తరవాత అడిగేది ఉద్యోగానికి చెల్లుతుందా అని. రెండూ అడగాల్సినవే. కానీ పాఠం ఎవరు చెప్తారు, నేను రాసింది ఎవరు చదువుతారు, తప్పు రాస్తే ఎవరు చెప్తారు అని అడిగేవాళ్లు చాలా అరుదు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఆదివారాలు అక్కడే స్టడీ సెంటర్‌లో దూరవిద్య విద్యార్థులకి ముఖాముఖి పాఠాలు, అంటే కాంటాక్ట్ క్లాసులు తీసుకుంటాను. చేరడానికి వచ్చే పిల్లలతో, ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చే పెద్దవాళ్లతో, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడాక నాకు బలంగా అనిపించే విషయం ఒకటుంది. దూరవిద్య మంచిదో కాదో తేల్చడానికి ఒక ప్రశ్న ముందు పెట్టుకోవాలి: విద్యార్థి రాసి పంపినదానికి అటునుంచి తిరిగి ఏం వస్తుంది? పుస్తకాలు, వీడియోలు, యాప్, బ్రాండ్ పేరు, అన్నీ దీని తరవాతే.

దానికి ముందు ఒక అపోహ తీసెయ్యాలి. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు జూమ్‌లో నడిచిన క్లాసులు చూసి, ఆన్‌లైన్ చదువంటే ఇంతేనని చాలామంది తీర్మానించుకున్నారు. అవి ఆపద సమయంలో గదిలోంచి కెమెరా ముందుకు మార్చిన పాఠాలు. దూరవిద్య మొదటినుంచీ ఎక్కడో ఉన్న మనిషి ఒంటరిగా కూర్చుని చదువుకుంటాడన్న లెక్కతో తయారయ్యే చదువు. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో మొదలుపెట్టాయి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. అప్పట్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. ఈ చదువు మన ప్రాంతానికి కొత్తది కాదు. అందుకే బాగా నడిచేదానికీ పేరుకి నడిచేదానికీ తేడా పట్టుకోవడం మనకి అంత కష్టం కాదు.

గుర్తింపు: పది నిమిషాల పని

ఇది నాణ్యత కాదు, గడప మాత్రమే. కానీ గడప దగ్గరే మోసపోయినవాళ్లు ఎక్కువ కాబట్టి ముందు ఇదే చెప్తున్నాను.

డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీలకి అనుమతి ఇచ్చేది యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో. డెబ్ అంటారు. "మా యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉంది" అన్న మాట సరిపోదు. అనుమతి ఆ కోర్సుకి, ఆ విద్యా సంవత్సరానికి, జులైదా జనవరిదా ఆ సెషన్‌కి విడివిడిగా ఉండాలి. యూనివర్సిటీ పేరుతో పాటు మీరు చేరబోయే కోర్సు పేరు కూడా డెబ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీ కళ్లతో చూసుకోండి. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థీ సొంతంగా డెబ్ ఐడీ తీసుకోవాలి. "అది మేం చూసుకుంటాం, మీ ఆధార్, ఓటీపీ చెప్పండి చాలు" అని ఎవరైనా అంటే ఇవ్వకండి. మీరే చేసుకోండి. అలా చేసుకునేటప్పుడే ఆ కోర్సు అసలు జాబితాలో ఉందో లేదో మీకు తెలిసిపోతుంది.

ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లా, ఆర్కిటెక్చర్, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ వంటివి దూరవిద్యలో ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కూడా కుదరదు. 2025 జులై సెషన్ నుంచి సైకాలజీ, ఆరోగ్య రంగానికి చెందిన మరికొన్ని కోర్సుల్ని కూడా ఆపేశారు. డిస్టెన్స్ బీఈడీ ఉంది కానీ అది ఇప్పటికే టీచర్‌గా పనిచేస్తున్నవాళ్లకి, లేదా రెగ్యులర్‌గా టీచర్ శిక్షణ పూర్తిచేసినవాళ్లకి మాత్రమే. డిగ్రీ అవ్వగానే నేరుగా చేరేది కాదు.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి ఒక తీర్పు చాలు. డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్లు సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష మళ్లీ రాసి పాసవ్వాలంది. ఆ తరవాత చేరినవాళ్ల డిగ్రీల్ని రద్దు చేసింది. వాటిని చూపించి ఉద్యోగాలు, ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్ల గతేంటో ఆలోచించండి. కట్టిన ఫీజు వాళ్లది, పోయిన ఏళ్లూ వాళ్లవే.

అనుమతి ఉన్న డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి, పీజీకి పనికొస్తుంది. ఆ భయం అక్కర్లేదు. "వన్ సిట్టింగ్ డిగ్రీ", "పాత తేదీతో సర్టిఫికెట్" అని ప్రకటనల్లో కనిపించేవి చదువే కావు, నేరం. వాటిని పోలికలోకి తీసుకురాను.

పుస్తకాన్ని ఎలా చూడాలి

దూరవిద్యలో పుస్తకమే మాస్టారు. రెగ్యులర్ కాలేజీ పుస్తకం వెనక ఒక లెక్చరర్ ఉంటాడు కాబట్టి అది కాస్త గట్టిగా, ముక్తసరిగా ఉన్నా నడుస్తుంది. ఒంటరిగా చదువుకునేవాడి పుస్తకం అలా ఉంటే మూడో పేజీలోనే మూసేస్తాడు.

చేరేముందు ఒక పుస్తకం సంపాదించండి. ఇగ్నో పుస్తకాలు దాని సొంత వెబ్‌సైట్ ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అంబేద్కర్ ఓపెన్ పుస్తకాలైతే పాత విద్యార్థుల ఇళ్లలో ఉంటాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్ల గదుల్లో ఇంకా ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే చరిత్ర, పాలిటీ, ఎకానమీ తెలుగులో వరసగా, అర్థమయ్యేలా ఉన్న పుస్తకాలని వాళ్లలో వాటికి పేరు. మొదటి పాఠం చూడొద్దు, దాన్ని అందరూ శ్రద్ధగానే రాస్తారు. మధ్యలో, పుస్తకంలో సగం దాటాక, ఏదో ఒక యూనిట్ తెరవండి. ఈ యూనిట్ చదివాక మీకు ఏం రావాలో మొదట్లో చెప్పారా? రెండు మూడు పేజీలకోసారి ఆగి మిమ్మల్ని ఏదైనా అడిగారా? అడిగినవాటికి చివర్లో జవాబులున్నాయా? ఉదాహరణలు మన ఊరివా, లేక ఎక్కడినుంచో ఎత్తి పెట్టినవా? గణాంకాలు ఏ ఏడాదివి? జీఎస్టీ వచ్చింది 2017లో. కామర్స్ పుస్తకంలో ఇంకా వ్యాట్, సేవా పన్నే కొత్త పన్నులుగా కనిపిస్తే ఆ పుస్తకాన్ని చాలాకాలంగా ఎవరూ ముట్టుకోలేదని అర్థం.

వీడియోకీ ఇదే పరీక్ష. పుస్తకంలో ఉన్నదాన్ని స్లైడు మీద పెట్టి చదివి వినిపించే వీడియో గంటసేపు ఉన్నా లాభం లేదు. పన్నెండు నిమిషాల వీడియోలో ఒక లెక్క మొదటి మెట్టు నుంచి చివరిదాకా చేసి చూపించి, ఎక్కడ తప్పు చేస్తారో చెప్పి, రెండో లెక్క మిమ్మల్ని చెయ్యమంటే అది పాఠం. యూజీసీ ఆన్‌లైన్ డిగ్రీలకి నాలుగు అంగాలు ఉండాలంటుంది: వీడియో, చదువుకునే పాఠం, స్వీయ పరీక్ష, చర్చావేదిక. కాగితం మీద నాలుగూ అందరి దగ్గరా ఉంటాయి. చర్చావేదిక తెరిచి చూస్తే చివరి ప్రశ్న ఎప్పటిదో, దానికి జవాబు ఎవరిచ్చారో, ఎన్ని రోజులకి ఇచ్చారో తెలుస్తుంది. డెమో లాగిన్ అడగండి. ఇవ్వకపోతే ఇప్పటికే చదువుతున్న విద్యార్థి ఫోన్‌లో చూడండి.

దిద్దిన కాగితం

నేను ముందే చెప్పిన ప్రశ్న దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను, ఎందుకంటే మిగిలినవన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

డిమాండు వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్నది) గురించి ఒకే ప్రశ్నకి రెండు చోట్ల చదివే ఇద్దరు విద్యార్థులు రాసిన అసైన్‌మెంట్లు నా దగ్గరికి వచ్చాయి. ఇద్దరూ నిర్వచనం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశారు. ఇద్దరూ గ్రాఫు గీశారు. ఇద్దరికీ గ్రాఫు గురించి అడిగితే తెలీదు. ఒకరి కాగితం మీద ప్రతి పేజీకీ ఎర్ర టిక్కు, చివర 14/20, కింద సంతకం. అంతే. రెండోవారి కాగితం మీద 11/20 ఉంది, కానీ మార్జిన్‌లో లెక్చరర్ ఇలా రాశారు: "నిర్వచనం సరే. ఉల్లిపాయల ధర రెట్టింపైతే మీ ఇంట్లో ఎంత తగ్గించి కొంటారు? ఉప్పు ధర రెట్టింపైతే? ఈ రెండింటికీ గ్రాఫు ఎలా మారుతుందో గీసి పంపండి." ఆ అమ్మాయి గీసి పంపింది. ఉప్పు గీత దాదాపు నిటారుగా, ఉల్లి గీత వాలుగా. అవతలి అబ్బాయికి మూడు మార్కులు ఎక్కువొచ్చాయి కానీ ఎకనామిక్స్ వచ్చింది ఈ అమ్మాయికి.

మొత్తం దూరవిద్యలో గురువూ శిష్యుడూ కలుసుకునే చోటు ఆ మార్జినే. అది ఖాళీగా ఉంటే విద్యార్థి పోస్టులో పుస్తకం కొనుక్కున్నట్టే. ఇక్కడే వ్యవస్థ ఎక్కువగా దెబ్బతింది కూడా. అసైన్‌మెంట్ జవాబులు రెడీమేడ్‌గా పీడీఎఫ్‌లలో అమ్ముతున్నారు, చేతిరాతతో రాసి కొరియర్‌లో పంపేవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది. చదవకుండా మార్కులు వేసే చోట విద్యార్థి రాయకుండా మార్కులు తెచ్చుకోవడం నేర్చుకుంటాడు. దిద్దేవాడు నిజంగా చదువుతాడని తెలిస్తే చాలామంది సొంతంగానే రాస్తారు. ఇది నేను చూసి చెప్తున్నమాట.

అందుకని ఏ కోర్సులోనైనా చేరేముందు అక్కడ చదివిన ఒకరిద్దరి దగ్గర దిద్ది తిరిగి ఇచ్చిన అసైన్‌మెంట్ చూపించమని అడగండి. "మాకు తిరిగి ఇవ్వరు, మార్కులు మాత్రం ఆన్‌లైన్‌లో పడతాయి" అంటే అదే మీ సమాధానం. ఇగ్నో, చాలా యూనివర్సిటీల్లో అసైన్‌మెంట్లకి 30 శాతం, చివరి పరీక్షకి 70 శాతం మార్కులు. ముప్పై శాతమే కదా అనిపిస్తుంది. నేర్చుకోవడంలో మాత్రం ఎక్కువ భాగం ఆ ముప్పైలోనే ఉంది.

ఒకే స్టడీ సెంటర్‌లో కూడా ఒక సబ్జెక్టుకి మంచి కౌన్సెలర్ (క్లాసు చెప్పి, అసైన్‌మెంట్ దిద్దేవారు) ఉంటారు, ఇంకో సబ్జెక్టుకి ఉండరు. అందుకే యూనివర్సిటీ పేరుతో పాటు మీ సెంటర్, మీ సబ్జెక్టు అడిగి తెలుసుకోవాలి.

పరీక్ష కఠినంగా ఉంటే భయపడొద్దు

"అక్కడ పరీక్ష ఈజీ సార్, ఇంట్లో కూర్చుని రాయొచ్చు" అని ఒక కోర్సుకి గొప్పగా ప్రచారం చేస్తారు. కొన్ని ఆన్‌లైన్ డిగ్రీల్లో కెమెరా ముందు ఇంటినుంచి రాసే పరీక్ష ఉంటుంది. ఊరు దూరమైనవాళ్లకి, చంటిపిల్లలున్న తల్లులకి అది పెద్ద వెసులుబాటు, కాదనను. కానీ పరీక్ష ఎంత తేలికో ఆ డిగ్రీ విలువ ఇంటర్వ్యూ చేసేవాళ్ల దృష్టిలో అంతే తగ్గుతుంది. ప్రశ్నపత్రం పాతవి మూడు తెప్పించుకోండి. "నిర్వచించండి", "వివరించండి" తప్ప ఏమీ లేకపోతే బట్టీ పరీక్ష. ఒక పట్టిక ఇచ్చి దాన్నించి ఏం అర్థమైందో రాయమంటే చదివినవాడికే వచ్చే పరీక్ష.

అలాగే ఫలితాలు ఎన్ని నెలలకి వస్తాయో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఎప్పుడిస్తారో పాత విద్యార్థిని అడగండి. ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చి, సర్టిఫికెట్ వెరిఫికేషన్ తేదీ దాటిపోయి, మెమో రాక ఏడ్చినవాళ్లున్నారు.

ఇప్పుడు దారుల్ని పక్కపక్కన పెడదాం

అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. తెలుగు మీడియంలో ఇంత విస్తారమైన పాఠ్యసామగ్రి మరెవరి దగ్గరా లేదు. ఫీజు తక్కువ. స్టడీ సెంటర్లు ఎక్కువగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఉంటాయి కాబట్టి ఆదివారం క్లాసు చెప్పేది ఆ సబ్జెక్టు రోజూ చెప్పే లెక్చరరే అవుతారు. సైన్స్ కోర్సుల ప్రాక్టికల్స్‌కి అక్కడి ల్యాబే దొరుకుతుంది. పాఠాలు తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ టీవీ చానళ్లలో కూడా వస్తాయి. లోటు ఎక్కడంటే, క్లాసుకి రావడం తప్పనిసరి కాని చోట ఎవరూ రారు, ఎవరూ రాకపోతే క్లాసు జరగదు. ముగ్గురు నలుగురు వరసగా వచ్చే సెంటర్లో చదువు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు చేరేముందు తమ దగ్గరి సెంటర్‌లో ఈ సెషన్‌కి ప్రవేశాలు, పరీక్షలు ఉన్నాయో లేదో సెంటర్‌కి వెళ్లి కనుక్కోవాలి.

ఇగ్నో. కోర్సుల రకాలు చాలా ఎక్కువ. పుస్తకాల నాణ్యత, నా అభిప్రాయంలో, దేశంలో అన్నిటికన్నా నమ్మదగినది. సోషల్ సైన్సుల్లో రెగ్యులర్ పీజీ విద్యార్థులు, సివిల్స్‌కి చదివేవాళ్లు కూడా వీటినే చదువుతారు. కేంద్ర యూనివర్సిటీ కాబట్టి ఉద్యోగం బదిలీ అయినా రీజనల్ సెంటర్ మార్చుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో రీజనల్ సెంటర్లున్నాయి. చిక్కు భాషది. ఎక్కువ కోర్సులు ఇంగ్లిష్, హిందీలోనే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలలు పుస్తకంతో కుస్తీ పట్టాలి. పరీక్షలు జూన్, డిసెంబరుల్లో ఉంటాయి. ఫారం నింపడం, అసైన్‌మెంట్ గడువు, రీ-రిజిస్ట్రేషన్ అన్నీ విద్యార్థే గుర్తుపెట్టుకోవాలి. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. తన పని తాను చూసుకోగలిగినవాళ్లకి ఇది మంచిది.

ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, నాగార్జున, వెంకటేశ్వర వంటి రాష్ట్ర యూనివర్సిటీల దూరవిద్య కేంద్రాలు. రెగ్యులర్ యూనివర్సిటీ పేరుతో డిగ్రీ వస్తుంది, ఆ పేరుకి ఊళ్లో గౌరవం ఉంటుంది. కాంటాక్ట్ క్లాసులు క్యాంపస్ ప్రొఫెసర్లే తీసుకుంటే ఎమ్మే, ఎమ్మెస్సీ వాళ్లకి చాలా ఉపయోగం. కానీ అనుమతులు ఏటా మారుతుంటాయి, కోర్సులు ఆగి మళ్లీ మొదలవుతుంటాయి. డెబ్ జాబితా చూడటం ఇక్కడ మరీ ముఖ్యం. ఇంకో నియమం: రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్య తన పరిధి దాటి నడపకూడదు. ఎక్కడో ఉత్తరాదిలోని యూనివర్సిటీ డిస్టెన్స్ డిగ్రీని మీ ఊళ్లో కంప్యూటర్ సెంటర్‌వాడు అమ్ముతుంటే దగ్గరికి వెళ్లొద్దు.

ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల ఆన్‌లైన్ డిగ్రీలు, ముఖ్యంగా ఎంబీఏ, ఎంసీఏ, బీబీఏ. వీటికి రాష్ట్రాల హద్దు లేదు. ఫీజు ప్రభుత్వ యూనివర్సిటీలకన్నా చాలా ఎక్కువ. ప్లాట్‌ఫామ్ బాగుంటుంది, లైవ్ క్లాసు రికార్డింగ్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రాత్రి పదింటికి చూసుకోవచ్చు. బాగా నడిపేవీ ఉన్నాయి. అయితే మీకు ఫోన్ చేసేది చాలాసార్లు యూనివర్సిటీవాళ్లు కాదు, వాళ్ల తరఫున అడ్మిషన్లు తెచ్చే కంపెనీవాళ్లు. ఎడ్‌టెక్ కంపెనీలు ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు ఇవ్వడం కుదరదని యూజీసీ 2022లోనే హెచ్చరించింది. "సీట్లు ఈ రోజుతో అయిపోతాయి", "స్కాలర్‌షిప్ సాయంత్రందాకే" అంటే ఫోన్ పెట్టేయండి. ఆన్‌లైన్ కోర్సులో సీటు అంత తొందరగా అయిపోదు. నెలవారీ వాయిదా అంటే అది మీ పేరున తీసే అప్పు. మధ్యలో మానేసినా కట్టాల్సిందే. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి.

ఐఐటీ మద్రాస్ బీఎస్. 2020లో మొదలైన ఈ డేటా సైన్స్ డిగ్రీని నేను విడిగా ప్రస్తావిస్తున్నాను, ఎందుకంటే ఆన్‌లైన్ అంటే తేలిక అన్న అభిప్రాయాన్ని ఇది బద్దలు కొట్టింది. జేఈఈ అక్కర్లేదు. చేరాలంటే ముందు నాలుగు వారాలు పాఠాలు చదివి, ప్రతి వారం అసైన్‌మెంట్లు చేసి, పరీక్షా కేంద్రానికి వెళ్లి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయాలి. అంటే చదవగలనా లేదా అన్నది ఎక్కువ ఫీజు కట్టకముందే విద్యార్థికి తెలిసిపోతుంది. పాఠం ఆన్‌లైన్‌లో, పరీక్ష మనిషి ముందు. మధ్యలో ఆగినా అప్పటిదాకా చేసినదానికి ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా ఇలా ఏదో ఒకటి చేతికొస్తుంది. ఎస్సీ, ఎస్టీ, తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ఫీజు రాయితీ ఉంది. గణితం అంటే ఇష్టం లేనివాళ్లకి మాత్రం చెప్పను. వారానికి చాలా గంటలు పడుతుంది.

స్వయం, ఎన్‌పీటెల్ కోర్సులు. స్వయం కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ఎన్‌పీటెల్ ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపేది. ఇవి డిగ్రీలు కావు, విడి కోర్సులు. పాఠాలు ఉచితం. ఎన్‌పీటెల్‌లో పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటే కోర్సుకి 1000 రూపాయలు. కేంద్రానికి వెళ్లి రాయాలి, 25 శాతం అసైన్‌మెంట్లు, 75 శాతం పరీక్ష. కాలేజీ ఒప్పుకుంటే డిగ్రీలో క్రెడిట్లుగా కూడా కలుస్తాయి, యూజీసీ 40 శాతం దాకా అనుమతిస్తుంది. డబ్బు పెట్టకుండా తనకి ఆన్‌లైన్‌లో చదివే ఓపిక ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి మార్గం లేదు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఆన్‌లైన్ వేదిక ఎడెక్స్‌లో ఆ రెండూ నడిపిన కోర్సుల్లో 2017–18లో చేరినవాళ్లలో చివరిదాకా పూర్తిచేసినవాళ్లు 3.13 శాతమేనని 2019లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అంత గొప్ప ప్రొఫెసర్లు చెప్పినా అంతే. అడిగేవాడు, గడువు పెట్టేవాడు, దిద్దేవాడు లేకపోతే ఎంత మంచి వీడియో అయినా మనిషిని చివరిదాకా లాక్కెళ్లలేదు.

ఎవరికి ఏది

తెలుగు మీడియంలో ఇంటర్ అయి, షాపులోనో ఫ్యాక్టరీలోనో పనిచేస్తూ, గ్రూప్స్‌కో పోలీసు ఉద్యోగానికో డిగ్రీ కావాల్సిన అబ్బాయికి, అమ్మాయికి: సెంటర్ దగ్గరగా ఉంటే అంబేద్కర్ ఓపెన్, బీఏ. కోర్సు పుస్తకమే పోటీ పరీక్షకీ పనికొస్తుంది. ఒకే చదువు రెండు పనులు చేస్తుంది.

పెళ్లయి, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లు నా క్లాసుల్లో చాలామంది ఉంటారు. ఇంత పట్టుదలగా చదివేవాళ్లు రెగ్యులర్ కాలేజీలో కూడా నాకు అరుదుగానే కనిపిస్తారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆదివారం క్లాసు నిజంగా జరిగే సెంటర్ ఎక్కడుందో చూసి అక్కడ చేరండి, అరగంట బస్సు ప్రయాణం ఎక్కువైనా సరే. ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు అంటే ఇంటివాళ్లకి అది చదువుగా కనిపించదు. మధ్యలో నాలుగుసార్లు పిలుస్తారు. బయటికి వెళ్తే ఆ మూడు గంటలు ఆమెవి.

టీచరుగా, ఆఫీసులో ఉద్యోగిగా ఉంటూ పీజీ చేయాలనుకునేవాళ్లు ఇంగ్లిష్‌తో ఇబ్బంది లేకపోతే ఇగ్నో. తెలుగు సాహిత్యం, చరిత్ర వంటివి తెలుగులో చేయాలంటే రాష్ట్ర యూనివర్సిటీలు. ప్రమోషన్ కోసమైతే ముందు మీ శాఖ సర్వీసు నిబంధనలు చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని చేరండి.

ఐటీలో ఉండి ఎంబీఏ అనుకునేవాళ్లని ఒక్కటి అడుగుతాను: మీ కంపెనీలో పైకి ఎదిగినవాళ్లలో ఆన్‌లైన్ ఎంబీఏ వల్ల ఎదిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లు ఎక్కడ చేశారో అక్కడే చూడండి. లేకపోతే ఇగ్నో ఎంబీఏ చాలు, మిగిలిన డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

బీటెక్, బీకాం చదువుతూ ఇంకేదైనా నేర్చుకోవాలనుకునే పిల్లలకి ఎన్‌పీటెల్. సెమిస్టర్‌కి ఒక్క కోర్సే తీసుకుని పరీక్ష రాయాలి. ఇంకో మాట, 2022 నుంచి ఒక రెగ్యులర్ డిగ్రీ, ఒక డిస్టెన్స్ లేదా ఆన్‌లైన్ డిగ్రీ ఒకేసారి చదవడానికి యూజీసీ ఒప్పుకుంది. ఉత్సాహంగా ఉంటుంది కానీ రెండు పరీక్షలూ ఒకే నెలలో పడితే ఒకటి వదిలేస్తారు. సాధారణంగా వదిలేసేది దూరంలో ఉన్నదాన్నే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు, గల్ఫ్‌కి వెళ్లబోయేవాళ్లు ముందు ఆ దేశంలో డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీని ఉద్యోగానికి ఒప్పుకుంటారో లేదో చూసుకోవాలి. ఇక్కడ యూజీసీ సమానమన్నంత మాత్రాన అక్కడి శాఖ సమానమనాలని లేదు.

చేరాక, మొదటి ఆరు నెలల్లో

ఫీజు మూడేళ్లదీ ఒకేసారి కట్టొద్దు, తగ్గింపు ఇస్తామన్నా సరే. మొదటి సెమిస్టర్ ఆ సంస్థకి పరీక్ష అనుకోండి. పుస్తకాలు క్లాసులు మొదలయ్యేలోపు వచ్చాయా, పరీక్షకి పది రోజుల ముందు వచ్చాయా? మీరు అడిగిన సందేహానికి వారంలో జవాబు వచ్చిందా? ఈ ఒక్కదానికోసం నిజమైన సందేహం ఒకటి ఈమెయిల్‌లో పంపండి. అసైన్‌మెంట్ తిరిగి వచ్చిందా, దాని మీద ఒక్క వాక్యమైనా ఉందా? మీతో చేరినవాళ్లలో ఎంతమంది పరీక్ష హాల్లో కనిపించారు? చేరినప్పుడు నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులోంచి హాల్‌టికెట్ తీసుకున్నది తొమ్మిది మందైతే, తప్పు ఆ ముప్పైఒక్క మందిదే అనుకోకండి.

మీ చదువు వేళ కూడా చూసుకోండి. దూరవిద్యలో ఒక క్రెడిట్‌కి 30 గంటల చదువు అని లెక్క. నాలుగు క్రెడిట్ల పేపర్లు ఐదుంటే సెమిస్టర్‌కి 600 గంటలు, అంటే ఆరు నెలలపాటు రోజుకి మూడు గంటలకి పైనే. అంత దొరకదనుకుంటే ఇగ్నోలాంటి చోట గడువు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఏటా తక్కువ పేపర్లు రాసుకుంటూ వెళ్లొచ్చు. అన్నీ ఒకేసారి రాసి అన్నిట్లో తప్పేకన్నా అది మేలు.

ఆరు నెలలకి పుస్తకం రాక, జవాబు రాక, దిద్దిన కాగితం రాక మీకు నమ్మకం పోతే మారిపోవచ్చు. పాసైన పేపర్ల క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలో మీ పేరున జమ అయ్యాయో లేదో ముందు చూసుకోండి. అవి ఏడేళ్లదాకా చెల్లుతాయి. కొత్త యూనివర్సిటీ వాటిలో ఎన్ని ఒప్పుకుంటుందో రాతపూర్వకంగా తెప్పించుకుని, పాత చోట మార్కుల మెమోలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకున్నాకే రెండో చోట ఫీజు కట్టండి.